దానమ్మ చూడకూడని సినిమా

హైదరాబాదులో సెన్సారు వాళ్ళు కత్తెర పట్టుకునే ముందు రాచర్ల సుందరరాజుకు ఒకసారి ఫోన్ చేస్తారని మండలమంతా చెప్పుకుంటుంది. ఆ ఫోన్ మోగగా విన్నవాడు మాత్రం ఇంతవరకు ఒక్కడూ లేడు. కానీ రాచర్లలో ఏ ఇంటివాళ్ళు గిద్దలూరుకు సినిమాకు పోవాలన్నా ముందు సుందరరాజు చూసి రావాల్సిందే. ఆటో తోలేవాడు కాబట్టి పొద్దుటాటకు జనాన్ని దించి తనూ లోపలికి దూరతాడు. ఎడమ జేబు నిండా చింతగింజలు. తెరమీద మనిషి చచ్చినప్పుడల్లా ఒక గింజ కుడి జేబులోకి మారుతుంది. పది లోపలైతే ఇంటిల్లిపాదీ పోవచ్చు. పది దాటితే పిల్లల్ని ఇంట్లో పెట్టి పోవాలి. ఇరవై దాటితే గుండె గట్టివాళ్ళే, అదీ అన్నం తినకముందు.

ఈ మధ్య వచ్చిన ఒక కామెడీ సినిమాకు గింజలు చాల్లేదు. ఇంటర్వెల్‌కే ఎడమ జేబు ఖాళీ అయి, పక్కవాడి పాప్‌కార్న్ అడుక్కుని లెక్కపెట్టాడు. చంపేవాళ్ళు నవ్విస్తూ చంపుతున్నారు, చచ్చేవాళ్ళు నవ్విస్తూ చస్తున్నారు. సుందరరాజు నవ్విన నవ్వుకు కుర్చీ నట్లు రెండు ఊడిపోయాయి. రక్తం సంగతి అతను పట్టించుకోలేదు. ప్రతి ఆదివారం వీధి చివర పొట్టేలును కోస్తుంటే నిలబడి చూసే ఊరికి తెరమీది ఎర్రరంగు ఏపాటి?

అంతలో బస్సు సీను వచ్చింది. ఇద్దరన్నదమ్ములు చచ్చిపోయిన మేనమామకు నల్లద్దాలు పెట్టి, తమ మధ్య కూర్చోబెట్టుకుని ఊరికి తీసుకుపోతున్నారు. కండక్టరు ఆయనకూ టికెట్ కొట్టాడు. దారి పొడుగునా జనం ఎక్కుతున్నారు. ఒకావిడ కునుకు తీస్తూ ఆ శవం భుజం మీదే వాలిపోయింది. హాలంతా పడిపడి నవ్వింది. సుందరరాజు నోరు మాత్రం తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

అతనికి వరసకు అత్తయ్యే దానమ్మ గుర్తొచ్చింది.

ఎనిమిది నెలల కిందట దానమ్మ మొగుడు యాకోబు గిద్దలూరులో డాక్టరుకు చూపించుకుని వస్తూ, ఒక దుకాణం అరుగు మీదే ప్రాణం విడిచాడు. శవాన్ని ఏ ఆటోవాడూ ఎక్కించుకోడు. దానమ్మ మొగుడి తలకు కండువా చుట్టి, తన భుజానికి ఆనించుకుని కూర్చుంది. అటు వచ్చిన సుందరరాజుతో, "మామ నిద్రపోతాండాడు, మెల్లగా పోనీ నాయనా" అంది. సుందరరాజు యాకోబు చెయ్యి పట్టి ఎక్కించాడు. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో అతనికి తెలుసు. అతనికి తెలుసని ఆమెకు తెలియదు. ఆ రోజు నుంచి దానమ్మ నవ్వగా చూసినవాళ్ళు లేరు.

సాయంత్రం దానమ్మ కూతురు లీదియా ఆటో దగ్గరికి వచ్చింది. వరసకు మరదలు.

"బావా, కామెడీ అంట గదా. మాయమ్మను తీసకపోవాలనుకుంటాండా. నవ్వి ఎన్నాళ్ళయిందో."

"వద్దు."

"ఎన్ని గింజలయినాయేంది?"

"గింజలు గాదు. అది ఇంటోళ్ళంతా చూసే సినిమా గాదు. వద్దంటే వద్దు."

"పెద్దోళ్ళయితే పోవచ్చని వెంకటరత్నమ్మ పెద్దమ్మకు చెప్పినావంట! మాయమ్మేమన్నా ఉయ్యాల్లో పిల్లా?"

సుందరరాజు శుభ్రంగా ఉన్న అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. వెనక నుంచి దానమ్మ గొంతు వినిపించింది.

"ఊరంతా నవ్వుకునే సినిమాకు నేనొక్కదాన్నే పనికిరాకపోతినా? రేపు మ్యాట్నీకి ఆటో తియ్యి రాజూ."

మర్నాడు సుందరరాజు ఆమె వెనక వరసలో కూర్చున్నాడు. తెర చూడలేదు, ఆమె కొప్పునే చూశాడు. బస్సు సీను వచ్చింది. దానమ్మ భుజాలు అదిరాయి. సుందరరాజు వెంటనే ముందుకు వంగి, "అత్తా, బయటికి పోదాం పా" అన్నాడు.

దానమ్మ వెనక్కి తిరిగింది. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, నోరేమో నవ్వుతోంది.

"ఉండు నాయనా, ఆ కండక్టరును చూడనీ!"

హాలు నవ్వు ఆపేసినా ఆమె ఆపలేదు. ఆ నవ్వు మార్కాపురం దాకా వినిపించి ఉండాలి.

తిరుగు దారిలో లీదియా కునికిపాట్లు పడుతుంటే, దానమ్మ ముందుకు జరిగింది.

"రాజూ, ఆ బస్సోడు దావ పొడుగునా జనాన్ని ఎక్కించుకున్నాడు గదా. ఆ పొద్దు నువ్వు ఒక్కర్ని గూడా ఎక్కించుకోలా. చెయ్యెత్తినోళ్ళందర్నీ ఇడిసిపెట్టి వచ్చినావు. పాటలు గూడా పెట్టలా. నాకిప్పుడు తట్టింది. తెలిసే తెచ్చినావు గదా మీ మామను?"

సుందరరాజు గుంత తప్పించి ఆటోను పక్కకు తిప్పాడు.

"నీ మేలు నేను పోయేదాకా మరిచిపోను. దినామూ ప్రార్థనలో నీ పేరు చెప్పుకుంటా."

"ఏంది అత్తా నువ్వు చెప్పేది?" అన్నాడు అతను, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "మామ నిద్రపోతాండె. దావలో లేచి నాతో మాట్లాడినాడు గూడా. గుంతలుండాయి, చూసుకోని పోరా అన్నాడు."

ఇప్పటికీ ఆటోస్టాండులో యాకోబు సంగతి ఎవరడిగినా సుందరరాజుది ఒకటే మాట. "ఎవురు చెప్పినార్రా మీకు? అట్లాంటిదేం జరగలా. ఆ సినిమానే చూళ్ళేదు నేను."