ఫోటో కింద ఖాళీ

బడి ఏడో తరగతిలోనే మానేసినా, నందిగామ ఫ్లెక్సీ షాపులో ఊరందరికీ రాతలు రాసేది నేనే. పుట్టినరోజుకి “యువ కెరటం”, చావుకి “విధి వక్రించి”. కెరటానికి యాభై దాటినా సరే, మొహం మీద ముడతలు తీసి పంపేవాణ్ణి.

మోటార్ల వైండింగ్ చేసుకునే మా తమ్ముడు కంచికచర్ల దగ్గర హైవే పక్కన బస్సు కోసం నిలబడ్డాడు. లారీ టైరు పేలి, బండి వాడి మీదికి తిరిగింది. తాగినవాడు లేడు, తప్పు చేసినవాడు లేడు. తిట్టుకుందామంటే డ్రైవరు మా కాళ్ల మీద పడి ఏడ్చాడు. ఆ దారీ మూసేశాడు మహానుభావుడు.

జగ్గయ్యపేటలో తమ్ముడి ఇంటి ముందు కట్టే ఫ్లెక్సీ నేనే చేయాలి. మరదలు ఒక్కటే అడిగింది.

“బావగారూ, దేవుడికి ఇష్టమై తీసుకెళ్లాడని మాత్రం రాయమాకండి. మీ తమ్ముడు ఎందుకు పోయారో తెలిస్తే అది రాయండి.”

“తెలియకపోతేనో?”

“అబద్ధం మటుకు వద్దు.”

రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఏ మాట కొట్టినా ఏదో ఒక కారణం చెబుతోంది. కొట్టడం, చెరపడం. రెండడుగులు ఇటు నిలబడి ఉంటే బతికేవాడు. ఆ రెండడుగుల అర్థం ఎవర్ని అడగను? పైన అంత ఆకాశముంది, దానికి మావాడెవరో తెలియదు. చివరికి ఫోటో, పేరు పెట్టి, కింద ఖాళీ వదిలేశాను.

ఓనరు చూశాడు. “ఏందిరా, సొంత తమ్ముడికే లైను కరువైందా?”

“స్టాకు అయిపోయిందండి.”

నవ్వబోయి ఆగిపోయాడు.

పెద్దకర్మ పొద్దున నిచ్చెనెక్కి ఫ్లెక్సీ కడుతుంటే, దారినపోయే ముసలాయన సైకిలు దిగాడు.

“కింద ఏమీ రాయలేదేం బాబూ? ఎట్టాంటోడు?”

ఎలా పోయాడని అడిగినవాళ్లే అందరూ. ఎలాంటివాడని అడిగింది ఈయనొక్కడే. నిచ్చెన మీద నుంచే మొదలుపెట్టాను. ఇడ్లీలోకి కారప్పొడి లేకపోతే అలిగేవాడనీ, బాగుచేసిన మోటారు తిరగగానే ఈల వేసేవాడనీ చెప్పుకుపోతున్నాను.

మరదలు గుమ్మంలోకి వచ్చింది. “ఈల కాదు బావగారూ, అదొక రకం కూత.”

ఎలా ఉండేదో చేసి చూపించబోయింది. రాలేదు. నేనూ పెదాలు బిగించి ఊదాను. గాలొచ్చింది, అంతే. ముసలాయన సైకిలు పట్టుకుని వింటూ నిలబడ్డాడు. మేమిద్దరం మళ్లీ మళ్లీ ప్రయత్నించాం. ఎవరికీ రాలేదు.