అన్నయ్య అన్నం, మైకు బాబాయి సన్మానం

ఆ రోజుల్లో అనగానే ఏదో సత్యకాలం సంగతి అనుకునేరు. నేను చెప్పే రోజుల్లో చేతిలో సెల్‌ఫోనూ ఉంది, ఇంట్లో టీవీ ఉంది, టీవీలో యుద్ధమూ ఉంది. సరిహద్దులో గొడవలు మొదలై వారం తిరక్కుండానే మా నర్సీపట్నంలో దేశభక్తి ఎంత పెరిగిందంటే, నేను కొత్తగా పనికి కుదిరిన ఫ్లెక్సీల షాపులో టీ తాగే తీరిక కూడా ఉండేది కాదు. కంప్యూటరు ముందు కూర్చుని పెద్దమనుషుల ముఖాలకు తెలుపు పెంచడం నా ఉద్యోగం. ప్రతి ఫ్లెక్సీ మీదా ఒక జెండా, ఒక ఫిరంగి, ఆ రెంటికన్నా పెద్దగా డబ్బులిచ్చినవాడి మొహం. సైనికుడు కింద మూలన (ఖాళీ మిగిలితే).

మా అన్నయ్య సైన్యంలో లారీ డ్రైవరు. కొండల మీద ఉన్న జవాన్లకు బియ్యం, పప్పు మోసే లారీ. నెల సెలవు మీద వచ్చి నాలుగు రోజులన్నా కాకుండానే, వెంటనే బయల్దేరి రమ్మని ఫోనొచ్చింది. మధ్యాహ్నం బస్సుకు తుని వెళ్లి రైలెక్కాలి. అమ్మ ఏడవలేదు. చేపలమ్మే ఆవిడ కోసం పొద్దున్నే గుమ్మంలో కాపు కాసి, వంజరం ముక్కలు కొని పులుసు పెట్టింది. "ఎల్లేటప్పుడు కడుపునిండా తినెల్తే సాలు, ఇంకేటీ అడగను" అంది. మళ్లీ ఎప్పుడొస్తాడో, అసలు వస్తాడో రాడో అన్న మాట మాత్రం ఇంట్లో ఎవరం అనలేదు.

అన్నయ్య మొదటి ముద్ద కలిపాడో లేదో, వీధిలో మైకు మోగింది. మైకు బాబాయి (మాకు వరసకి బాబాయి, మైకు దొరికితే వదలడు గనక ఊరందరికీ మైకు బాబాయే) జనాన్ని వెంటేసుకుని వచ్చేశాడు. వీర జవానుకు సన్మానమట. చెయ్యి కడుక్కోనివ్వకుండా అన్నయ్యను అరుగు మీదికి లాక్కెళ్లి బంతిపూల దండ వేశారు. వెనకాల ఫ్లెక్సీ మా షాపుదే. బాబాయి మొహం నిండు చంద్రుడంత, అన్నయ్య తపాలా బిళ్లంత, వెనకాల ఆకాశంలో యుద్ధ విమానం (బియ్యం లారీ బొమ్మ దొరకలేదు కాబోలు). "ఈ సింహం శత్రువుల గుండెల్లో నిద్రపోతాది" అని బాబాయి గర్జించాడు. తలుపు దగ్గర్నుంచి అమ్మ, "నిద్ర సంగతి తరవాత బాబూ, ముందు ఆడ్ని అన్నం తిననియ్యండి" అంది. ఎవరూ వినలేదు. ఒకాయన తరవాత ఒకాయన మైకు అందుకుంటున్నారు. కుర్రాళ్లు యుద్ధం కావాలంటూ చిందులేస్తున్నారు. "ఈళ్లకి యుద్ధమంటే జాతరనాగుందేటే" అని అమ్మ నాతో మెల్లగా అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. తలచుకుంటే ఇప్పటికీ మండుతుంది. అన్నయ్య పెద్దవాళ్లను కాదనలేక నవ్వుతున్నాడు, మధ్యమధ్య వాచీ చూసుకుంటున్నాడు, ఎంగిలి చెయ్యి ఎండిపోతోంది. ఆ మైకుకు కరెంటు మా ఇంట్లోంచే (అడిగి కాదు), కిటికీలోంచి వైరు లాగి హాల్లో ప్లగ్గుకి పెట్టారు. నేను లోపలికెళ్లి ఆ వైరు పట్టుకుని ఒక్క లాగు లాగాను. "ప్రతి ఇంటి నుంచీ ఒక సైనికుడు" అనే దగ్గర బాబాయి గొంతు ఆగిపోయింది. "కరెంటు పోనాది" అన్నారెవరో. వస్తుందేమోనని కాసేపు చూశారు. మైకు లేకుండా మాట్లాడే అలవాటు బాబాయికి లేదు, ఫొటోలు అప్పటికే అయిపోయాయి. జనం ఒక్కొక్కరే జారుకున్నారు. మా హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉందని ఒక్కరూ గమనించలేదు.

అన్నయ్య దండ మెడలో ఉండగానే కూర్చుని తిన్నాడు. అమ్మ వడ్డిస్తూ ఫ్యాను వంక ఒకసారి, నా వంక ఒకసారి చూసి, "బేగి తిను నాయినా, కరెంటొచ్చీగలదు" అంది. పరిగెత్తి బస్సందుకున్నాడు గానీ, తుని దాకా నిలబడే వెళ్లాడట. సన్మానానికి వచ్చినవాళ్లు ఇద్దరు అదే బస్సులో సీట్లలో కూర్చుని, భుజం తట్టి మరీ జై కొట్టారట. జరగమంటే మాత్రం జరగలేదు.

అన్నయ్య అప్పుడు క్షేమంగానే తిరిగొచ్చాడు, ఏళ్లు గడిచాక రిటైరయ్యాడు. అమ్మ ఇప్పుడు లేదు. మొన్నీమధ్య టీవీల్లో మళ్లీ యుద్ధం మొదలైంది. నేను చేపల పులుసు పట్టుకుని అన్నయ్య ఇంటికి వెళ్తే, సరిగ్గా కంచం ముందు కూర్చునే వేళకు వీధిలో మైకు బాబాయి గొంతు. మాజీ సైనికుడికి సన్మానమట. అన్నయ్య నా వంక చూసి, "సెల్లీ, వైరెక్కడుందో సూడవే" అన్నాడు. ఒక్క లాగుతో ఊరి దేశభక్తినంతా ఆపేసిన పిల్లని కదా, మోకాళ్లు పట్టుకుని ఎలాగో లేచి, కిటికీలోంచి తొంగి చూశాను. చక్రాల మీద నడిచే స్పీకరు పెట్టె, బ్యాటరీది. పీకడానికి వైరే లేదు. నాలో నేనే నవ్వుకుని, తలుపు గడియ వేసి వచ్చి, అన్నయ్య కంచంలో ఇంకో గరిటె పులుసు పోశాను.