పిన్నీసు దిగని జాకెట్టు

2022 వేసవి. కరోనాతో మూలపడిన తిరునాళ్ళు, కాలేజీ ఫంక్షన్లు, పెళ్ళి సంగీత్‌లు ఒక్కసారిగా మొదలయ్యాయి. తెనాలి మార్కెట్ వెనక వీధిలో మా దుకాణానికి ఊపిరాడనంత పని. మాది కాస్ట్యూమ్ టైలరింగ్, అంటే స్టేజీ మీద వేసుకునే బట్టలు కుట్టడం. ఒకప్పుడు మా మామగారు పౌరాణిక నాటకాలకి కుట్టేవారు. ఆయన పోయాక, నాటకాలూ తగ్గాక, నేను స్కూలు యానివర్సరీలకీ డాన్స్ ట్రూపులకీ కుట్టడం మొదలుపెట్టాను. సాయిబుల కోడలు డాన్సర్లకి బట్టలు కుట్టడమేంటని వీధిలో కొందరు గొణుగుతూనే ఉండేవారు. మిషన్ చప్పుడులో నాకు వినపడేది కాదు.

మా దగ్గరకి ఆర్డరు కాగితం మీద రాదు, ఫోనులో వస్తుంది. ఎవరో ఒక సినిమా పాట వీడియో తెరిచి, మధ్యలో ఆపి, హీరోయిన్ మీద వేలు పెట్టి "ఇదే కావాలక్కా" అంటారు. ఆ జాకెట్టు వెనక కథ మాకు తెలుసు. సినిమాలో అది ఒక్క షాట్ నిలబడితే చాలు. కెమెరా ఆగగానే ఎవరో పరిగెత్తుకొచ్చి సర్దుతారు, వెనకనుంచి క్లిప్పులు బిగిస్తారు. వీపు కనబడుతున్న చోట చాలాసార్లు స్కిన్ నెట్ ఉంటుంది, అంటే ఒంటి రంగులో ఉండే పల్చటి వల గుడ్డ. అన్నిటికీ మించి ఆ హీరోయిన్‌కీ జనానికీ మధ్య ఒక యూనిట్ మొత్తం నిలబడి ఉంటుంది. మా దగ్గరకొచ్చే అమ్మాయిలకీ జనానికీ మధ్య ఒక తాడు కూడా ఉండదు.

అప్పట్లో ఆర్డర్లు ఎక్కువగా శ్రీను అనే ఆర్గనైజర్ నుంచి వచ్చేవి. ప్రోగ్రాములు మాట్లాడేదీ పోస్టర్లు వేయించేదీ అతనే. ట్రూపులో అమ్మాయిలందరికీ సినిమా పేర్లలాంటివి పెట్టేవాడు. ఆ వేసవిలో రేపల్లె ప్రోగ్రాం కోసం కొత్త జాకెట్లు చెప్పాడు. "భుజం దగ్గర పట్టీ సన్నగా ఉండాలక్కా. జనం దగ్గరకొచ్చినప్పుడు బాగుంటది," అన్నాడు ఫోనులో. బాగుండేది ఎవరికని అడిగేలోపే పెట్టేశాడు.

రెండ్రోజుల తర్వాత, మధ్యాహ్నం ఎండలో, ట్రూపులో ముందు వరసలో ఆడే అమ్మాయి ఒక్కతే వచ్చింది. పోస్టర్ల మీద ఆమె పేరు స్వీటీ. అసలు పేరు ఎస్తేరు. పుట్టింది బాపట్లలో, లూథరన్ కుటుంబం, చిన్నప్పుడు చర్చి క్వయర్‌లో పాడేది. ఇప్పుడు రేపల్లెలో ఉంటోంది. మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, అడిగింది.

"అక్కా, పిన్నీసు దిగని గుడ్డ ఉందా నీ దగ్గర?"

నాకు అర్థం కాలేదు. ఆమె చున్నీ పక్కకి జరిపి భుజం కింద చూపించింది. నల్లగా గడ్డకట్టిన చిన్న గాయం.

స్టేజీ డాన్సుల్లో నోటు గుచ్చడమని ఒక అలవాటుంది. పాట నచ్చినవాడు, లేదా నచ్చిందని నలుగురికీ చూపించుకోవాలనుకున్నవాడు, పైకొచ్చి అమ్మాయి జాకెట్టుకి పిన్నీసుతో నోటు గుచ్చుతాడు. పోయిన వారం ఒక ఊళ్ళో అలా ఎక్కినవాడు తాగి ఉన్నాడు. పిన్నీసు ఒంట్లో దిగింది. ఆమె వెనక్కి జరిగింది. వాడు పట్టుకుని లాగాడు. వెనక హుక్కులు తెగిపోయాయి. ఒక చేత్తో జాకెట్టు పట్టుకుని మిగతా పాట పూర్తి చేసింది. జనం ఈలలు వేశారు.

"కిందకొచ్చి శ్రీనుతో చెప్పా. ఇవన్నీ మామూలే, మొహం మీద నవ్వు పోనీకు అన్నాడు. ఆ నవ్వే ఎందుకు నవ్వాలా అని ఆలోచిస్తన్నానక్కా అప్పట్నుంచీ."

మా అత్తగారు లోపల గదిలో తస్బీ పూసలు తిప్పుకుంటూ ఇదంతా వింటున్నారు. ఆమెకి డాన్సర్లు రావడం ఎప్పుడూ ఇష్టం లేదు. అక్కణ్ణుంచే అన్నారు. "నిండుగా బట్ట కప్పుకుంటే ఎవడు చెయ్యేస్తాడమ్మా?"

ఎస్తేరుకి కోపం వచ్చింది కానీ గొంతు పెంచలేదు. "నానమ్మా, ఇందాక రేపల్లె బస్సులో మెడదాకా చుడీదారు వేసుకునే వచ్చా. వేమూరు దాటకముందే ఒకడు నడుం మీద చెయ్యేశాడు. నా బట్ట మెడ ఎంత దిగిందో చూసి వెయ్యలేదండి వాడు."

లోపల పూసల చప్పుడు ఆగిపోయింది.

ఎస్తేరు నా వైపు తిరిగింది. "నేను ఒళ్ళు కప్పమని అడగట్లేదక్కా. మా ట్రూపులో లావణ్యకి వీపు తెరిచి ఉంటేనే ఇష్టం, అలాగే కుట్టు. నేను నడుం కనబడకుండా డాన్స్ చెయ్యలేను, ఊపిరాడదు. కనబడ్డం వేరు, గుచ్చనివ్వడం వేరు. మమ్మల్ని నోటీసు బోర్డు అనుకుంటన్నారు వాళ్ళు."

కాన్వాస్ వేసి చూద్దామన్నాను. కాన్వాస్ అంటే కాలర్ లోపల పెట్టే బిరుసు గుడ్డ. ఒక ముక్క తీసుకుని పిన్నీసు గుచ్చాను. సులువుగా దిగింది. రెండు మడతలు వేసినా దిగింది. ఇంకా మందంగా వేస్తే చెయ్యి పైకి లేవదు.

అప్పుడు మా అత్తగారు గుమ్మంలోకొచ్చారు. "కాన్వాస్ పనికిరాదు. నాటకాల కవచం లాగా చెయ్యాలి," అన్నారు.

పౌరాణిక నాటకాల్లో రాజు పాత్రధారి ఛాతీ మీద తొడుక్కునేది కవచం. పాత ఖద్దరు గుడ్డలు పొర మీద పొర మైదా జిగురుతో అతికించి, ఎండలో ఆరబెట్టి, పైన ముఖమలు పరిచి, ఇత్తడి బిళ్ళలు కుడతారు. మామగారి చేతి పనేనని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. నాటకాల కరపత్రాల్లో దుస్తులు అన్నచోట ఆయన పేరే ఉండేది. ఆ రోజు అత్తగారు చెప్పారు. ఆయన కత్తిరించి ఇచ్చేవారట. జిగురు కలపడం, అతికించడం, బిళ్ళ బిళ్ళా కుట్టడం అంతా ఈమే. నా పెళ్ళికి ముందు సంగతి.

"మరి నీ పేరు వెయ్యలేదా నానమ్మా?" అంది ఎస్తేరు.

"ఆడదాని పేరు నాటకం కాగితం మీదేంటి అన్నారు." ఆమె కాన్వాస్ ముక్క తీసి పక్కన పెట్టారు. "నేనూ సరే అన్నాను. ఇప్పుడైతే అనను."

తర్వాత పని మొదలైంది. మేడ మీద జిగురు గుడ్డలు ఆరేశాం. పిన్నీసు గుచ్చడానికి చేతులు ఎక్కడెక్కడికి వస్తాయో ఎస్తేరే సుద్దముక్కతో గీసి చూపించింది. భుజాలు, ఛాతీ, నడుం పక్క. అక్కడ మాత్రం కవచం పలకలు పెట్టాం. చంకల కింద, పక్కల సాగే గుడ్డ వేశాను, చెయ్యి ఎత్తితే లాగకుండా. లావణ్యది వీపు తెరిచే ఉంచాం. అందరికీ హుక్కులు తీసేసి, లోపలివైపు గట్టి జిప్పు పెట్టాం. ట్రయల్ రోజు అమ్మాయిలు దుకాణంలోనే గెంతారు, వంగారు, నేల మీద కూర్చుని లేచారు. అత్తగారు పిన్నీసు తీసుకుని ఎస్తేరు భుజం మీద తన బలమంతా పెట్టి నొక్కారు. పిన్నీసు వంకరపోయింది. అమ్మాయిలు వేసిన కేకలకి పక్క కొట్టువాళ్ళు తొంగిచూశారు.

శ్రీను వచ్చి చూసి మొహం ముడిచాడు.

"ఇదేంటక్కా, వీళ్ళని యుద్ధానికి పంపిస్తన్నావా?"

సమాధానం ఎస్తేరు చెప్పింది. "ఎవరూ మీద పడకపోతే యుద్ధమెందుకుంటది?"

"జనం ఏమడుగుతారో అది ఇవ్వాలమ్మా. సినిమాలో చూసిందే ఇక్కడా చూడాలనుకుంటారు."

"సినిమాలో హీరోయిన్‌కి నోటు గుచ్చుతున్నారా అన్నా? వెనక వరసల్లో ఆడాళ్ళు కూర్చుంటారు. వాళ్ళు జనం కారా? ఒక్కసారైనా అడిగావా?"

"ఇంకో జాకెట్టు వేసుకోండి, లేకపోతే నేను వేరేవాళ్ళని చూసుకుంటా."

"చూసుకో. ఇది వేసుకునే ఎక్కుతాం, లేకపోతే అసలు ఎక్కం."

మిగతా అమ్మాయిల్లో ఎవరూ జాకెట్టు విప్పలేదు. పోస్టర్లు అప్పటికే పడ్డాయి. శ్రీనుకి వేరే దారి లేకపోయింది.

నేను కుట్టిన బట్టలు స్టేజీ మీద చూడ్డానికి అంతకుముందెప్పుడూ వెళ్ళలేదు. ఆ రోజు వెళ్ళాను. అత్తగారు కూడా వస్తానన్నారు. ఇద్దరం బురఖాలు వేసుకుని సాయంత్రం బస్సుకి రేపల్లె చేరి, వెనక ఆడవాళ్ళ వరసలో కూర్చున్నాం. మొదటి పాట బాగా జరిగింది. లైట్ల కింద ఇత్తడి బిళ్ళలు మెరుస్తుంటే మా పక్కావిడ "భలే ఉన్నారే పిల్లలు" అంది. అత్తగారు ఆ మాట విననట్టు మొహం పెట్టారు కానీ విన్నారు.

రెండో పాటలో ఒకాయన ఎక్కాడు. కండువా వేసుకుని పెద్దమనిషిలాగే ఉన్నాడు. నోటూ పిన్నీసూ పట్టుకుని ఎస్తేరు భుజం మీద గుచ్చబోయాడు. దిగలేదు. మళ్ళీ నొక్కాడు. పిన్నీసు వంగి అతని వేలికే గుచ్చుకుంది. ముందు వరసల్లో నవ్వులు లేచాయి. అతను ఎర్రబడిపోయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చెయ్యి విదిలించుకుని యాంకర్ దగ్గర మైకు అందుకుంది.

"డాన్స్ నచ్చితే చప్పట్లు కొట్టండి బాబాయ్. నా ఒంటి మీద నోట్లు గుచ్చడానికి వీల్లేదండి."

మెత్తగానే చెప్పింది. కానీ స్పీకర్లలో రేపల్లె అంతా వినపడినట్టయింది. అతని మనుషులు కుర్చీల మీదకెక్కి అరవడం మొదలుపెట్టారు. శ్రీను పాట ఆపేసి దిగమని సైగ చేశాడు. అమ్మాయిలు దిగలేదు. పాట లేకుండా, కదలకుండా, నిలబడిన చోటే నిలబడ్డారు. నాకు భయమేసింది. ఎవరైనా రాయి విసిరితే ఏ కవచం ఆపుతుంది?

అప్పుడు మా వరసలోంచి ఒకావిడ లేచింది. "ఆ పిల్ల చెప్పిందాంట్లో తప్పేముంది? నువ్వు దిగవయ్యా ముందు!" అంది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. చూస్తే మా అత్తగారూ నిలబడి ఉన్నారు. ప్రోగ్రాం పెట్టించిన కమిటీవాళ్ళకి గొడవ పెద్దదవుతుందని భయం పట్టుకుంది. ఆ పెద్దమనిషిని భుజం మీద చెయ్యేసి కిందకి తీసుకెళ్ళి, పాట పెట్టమన్నారు. అమ్మాయిలు ఆ పాట మొదటినుంచీ మళ్ళీ ఆడారు.

దీంతో అంతా బాగుపడిందని చెప్పను. శ్రీను వాళ్ళందరినీ ట్రూపులోంచి తీసేశాడు. ఎవరో తీసిన వీడియో ఫోనుల్లో తిరిగితే దాని కింద మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు, బూతులు రాసినవాళ్ళూ ఉన్నారు. ఇల్లు గడవక లావణ్య కొన్నాళ్ళకి మళ్ళీ శ్రీను దగ్గరే చేరింది. ఎస్తేరు ఆమెని ఒక్క మాట అనలేదు. తను బాపట్లలో సొంత ట్రూపు పెట్టింది, పోస్టర్ మీద ఎస్తేరు అనే పేరుతో. దాని కింద, దుస్తులు అన్నచోట, మా అత్తగారి పేరు జైతూన్ బీ అని వేయించింది. ప్రోగ్రాములు తక్కువే వస్తాయి కానీ ఏ షరతులకి ఒప్పుకోవాలో తనే చెబుతుంది.

మరుసటి ఏడాది శ్రీను మళ్ళీ మా గుమ్మం ఎక్కాడు.

"ఆ కవచం మోడల్ ఇప్పుడు అందరూ అడుగుతున్నారక్కా. అలాంటివే కావాలి. కాకపోతే గుడ్డ మెత్తగా ఉండాలి. ముందువైపు కొంచెం కోసి, భుజం దగ్గర..."

"పైకి కవచంలా కనబడాలి, లోపల పిన్నీసు దిగాలి. అంతేగా?"

నవ్వాడు. "నువ్వు కాకపోతే ఇంకోళ్ళు కుడతారు."

"కుట్టించుకో. ఈ దుకాణంలో మాత్రం కుట్టం."

అతను వేరేచోట కుట్టించుకున్నాడు కూడా. తెనాలి బస్టాండు గోడ మీద ఆ పోస్టర్ చూశాను. బాధేసింది. అయినా ఆ ఆర్డరు వదులుకున్నందుకు ఈ రోజుకీ విచారం లేదు.

ఆ జాకెట్ల తర్వాత నా పని పద్ధతి మారింది. ఇప్పటికీ అందరూ వీడియో చూపిస్తారు, నేనూ చూస్తాను. మొన్న కొల్లిపర నుంచి ఒక టీచరమ్మ యానివర్సరీ డాన్స్ కోసం ఆరో తరగతి పాపని తీసుకొచ్చి, ఫోను నా ముందు పెట్టింది. నేను పాపని అడిగాను, నీకెలా ఉండాలమ్మా అని. ఆ పిల్ల టీచరు వైపు చూసింది. "టీచరుగారిని కాదు, నిన్నే" అన్నాను. "గెంతినప్పుడు చంకల్లో పట్టుకోకుండా ఉండాలి ఆంటీ" అంది.

ఆర్డరు ఎవరు ఇచ్చినా, కూలి ఎవరు కట్టినా, చూసేది ఎంతమందైనా, ఆ బట్ట వేసుకునే మనిషే నా కస్టమర్. పాపని దగ్గరకి పిలిచి, చేతులు పైకెత్తమని, టేపు తీశాను.