ముందు నువ్వు నాకు పొయ్యి

మా పెద్దమ్మ పోయిందని కొంటా నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను ఎర్రబోరులో ఇంటి ముందు కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాను. పని అలాగే వదిలేసి బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి చిన్నాయన, అంటే పెద్దమ్మ మరిది, వాకిట్లో కుర్చీ వేయించుకుని "మా వదిన ఓపికకు పెట్టింది పేరు" అని వచ్చినవాళ్ళందరికీ చెబుతున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆవిడ బతికున్నన్నాళ్ళూ "పోరగాండ్లను నెత్తికెక్కించుకుంటది" అని ఊరంతా చాటింది ఆ నోరే.

ఈ పెద్దమనిషి సంగతి మీకు చెప్పాలి. మూడేళ్ళ పిల్ల అన్నం వద్దంటే తన పరువు గంగలో కలిసిపోయిందనుకునే రకం. కళ్ళెర్రజేస్తాడు, బెత్తం తెమ్మంటాడు, చివరికి పిల్ల ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుంటే తాను గెలిచానంటాడు. అడిగితే 'మొక్కై వంగనిది మానై వంగునా' అంటాడు. ఒకసారి పెద్దమ్మ చేటలో బియ్యం చెరుగుతూ, "వంచు తమ్మీ, ఎవలొద్దన్నరు? నువ్వు ఇరుస్తున్నవ్" అంది. ఇంకోసారి, "పిల్లతోని కొట్లాడి గెలుస్తవ్ సరే, ఆ గెలుపును ఏ బజార్ల అమ్ముకుంటవ్?" అని అడిగింది. ఆయనకు అర్థం కాలేదు. అవుతుందని నేనూ అనుకోలేదు.

పెద్దమ్మ కొడుకూ కోడలూ, అంటే నాకు తమ్ముడూ మరదలూ, ఏటా మిరపకాయలు ఏరడానికి భద్రాచలం వైపు పోతే మనవరాలు పెద్దమ్మ దగ్గరే ఉండేది. స్నానమంటే చాలు, ఆ పిల్ల ఇంటిచుట్టూ పరుగు. పెద్దమ్మ వెంటపడేది కాదు. నీళ్ళ గోలెం దగ్గర తనే పీటేసుకుని కూర్చుని, తల వంచి, "ముందు నువ్వు నాకు పొయ్యి. తర్వాత నేను నీకు పోస్త" అనేది. పిల్ల తన చిన్న ముంత తెచ్చుకుని, "కండ్లు మూసుకో నాయనమ్మా" అని హెచ్చరించి మరీ పోసేది. పెద్దమ్మ చీర తడిసి ముద్దయ్యేది. ఆ తర్వాత పిల్ల పిలవకుండానే వచ్చి పీట మీద కూర్చునేది. చిన్నప్పుడు తలకు నూనె అంటే ఏడ్చే నా చేత, ముందు తన తలకు నూనె పెట్టించుకున్న మనిషి ఆవిడ. అందుకే నూనె గిన్నె ముట్టుకుంటే ఇప్పటికీ ఆవిడే గుర్తొస్తుంది.

ఈసారి తమ్ముడూ మరదలూ పని సగంలో వదిలేసి వచ్చారు, మళ్ళీ పోక తప్పదు. పిల్ల ఎవరి దగ్గర ఉండాలన్న మాట వచ్చింది. "నా దగ్గర ఇడిసిపెట్టుండ్రి. నెలరోజులల్ల ఆ జిద్దంత దింపుత" అన్నాడు చిన్నాయన. తమ్ముడు గంగిరెద్దులా తలూపాడు. పెద్దవాళ్ళ మాట కాదనే దమ్ము మా ఇంట్లో మగవాళ్ళకు ఏనాడూ లేదు.

దినాల రోజు అందరం శబరి నదిలో మునిగాం, పిల్ల తప్ప. ఇంటి నుంచి తెచ్చుకున్న ముంతను గుండెకు హత్తుకుని ఇసుకలో చతికిలబడింది. చిన్నాయన రెక్క పట్టి లాగాడు. "ఏందే, చెప్తుంటె ఇనపడ్తలేదా?" పిల్ల ఆయన చెయ్యి కొరికింది. ఇక చుట్టూ చేరి అందరూ తలా ఒక అరుపు. ఇంతమంది ఉద్దండుల్లో, ఆ పిల్ల ముంతను ఎందుకు పట్టుకుందో ఒక్కరికీ తట్టలేదు. అది ముందు ఎవరికో ఒకరికి పోయాలి. పోయించుకునే మనిషి లేదు.

నేను వెళ్ళి దాని ముందు కూర్చుని తల వంచాను. "ముందు నువ్వు నాకు పొయ్యి బిడ్డా."

పిల్ల నా తల వంక చూసి, ముంత వంక చూసుకుంది. తర్వాత దానంతటదే నీళ్ళలోకి నడిచి ముంత నింపుకుని వచ్చింది. "కండ్లు మూసుకో అత్తా" అంది. పెద్దమ్మ పోయిన రోజు రాని ఏడుపు అప్పుడు వచ్చింది నాకు.

"పిల్ల నీ తాననే ఉంటది వదినా" అంది మరదలు, మొగుడి వైపు చూడనైనా చూడకుండా.

చిన్నాయన పంచెకంటిన ఇసుక దులుపుకుంటున్నాడు. పిల్ల మళ్ళీ ముంత నింపుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది. "తాతా, కూసో" అంది.

ఆయన అటూ ఇటూ చూశాడు. కూర్చోలేదు. పిల్ల రెండు చేతులతో ముంత ఎత్తి పట్టుకుని, ఆయన ఎప్పుడు కూర్చుంటాడా అని అలాగే నిలబడింది. నీళ్ళు అంచు మీదుగా ఇసుకలోకి కారిపోతున్నాయి.