ఖాజాగూడ బండల మీద ఒక థీసిస్

ఆ ఉదయం మా యూనివర్సిటీ లైబ్రరీ రెండో అంతస్తులో, డిజిటల్ విభాగంలో ఉన్నవి: రెండు స్కానర్లు, నాలుగు కంప్యూటర్లు, బైండింగ్ ఊడిన థీసిస్‌లు పేర్చిన ఒక బల్ల, పనిచేయని ఏసీ, దాని కింద పనిచేసే టేబుల్ ఫ్యాన్. ఉన్నవాళ్లం ముగ్గురం: మా అసిస్టెంట్ లైబ్రేరియన్ మేడం, నేను, మెట్లెక్కి వచ్చి ఇంకా ఆయాసపడుతున్న ఒక డిగ్రీ కాలేజీ లెక్చరర్.

లైబ్రేరియన్ మేడంది కాకినాడ వైపు. మాది అనంతపురం. లెక్చరర్‌ది ఇక్కడే, హైదరాబాద్ ఖాజాగూడ. ఆమె చాలా ఏళ్ల కిందట మా యూనివర్సిటీ తెలుగు శాఖలోనే, ఆ ఊరి బండల మీద పీహెచ్‌డీ చేశారు. నేను బీటెక్ చదివి, హైటెక్ సిటీలో ఒక కంపెనీలో కొంతకాలం టెస్టింగ్ చేసి ఇక్కడికి వచ్చాను. మా పరిశోధకుల థీసిస్‌లు, వ్యాసాలు ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఆన్‌లైన్‌లో ఉంచే రిపాజిటరీని చూసుకోవడం నా ఉద్యోగం.

లెక్చరర్ తన ఫోన్ నా ముందు పెట్టారు.

"ఇగో తమ్మీ, చదువు. ఖాజాగూడ గుట్టల్ల బండల పేర్లు, రాళ్లు కొట్టెటోళ్ల మాటలు రాసుడు ఇదే మొదటిసారట. మరి నేను ఆరేండ్లు ఆ గుట్టలెక్కి దిగింది ఉత్తగనేనా?"

అది వేరే నగరంలోని ఇద్దరు పరిశోధకుల వ్యాసం. ఇంకా జర్నల్‌లో అచ్చు కాలేదు. అచ్చుకు ముందే అందరి అభిప్రాయాల కోసం ఆన్‌లైన్‌లో పెట్టిన ముసాయిదా. ఇప్పుడు చాలామంది ఇలాగే పెడుతున్నారు. చదివినవాళ్లు కింద వ్యాఖ్య రాయవచ్చు, రాసినవాళ్లు దిద్దుకోవచ్చు.

"గిది జర్నల్ల అచ్చయితే ఇగ అయిపాయె. రేపు నా స్టూడెంట్లు గూడ వీళ్ల పేరే రాస్తరు" అన్నారామె.

"ముందు కూర్చోండి. మంచినీళ్లు తాగండి" అని మేడం కుర్చీ జరిపారు.

నేను రిపాజిటరీలో ఖాజాగూడ అని తెలుగులో కొట్టాను. ఏమీ రాలేదు. ఆమె పేరు ఇంగ్లిష్‌లో కొట్టి వెతికితే థీసిస్ వచ్చింది. తెరిచాను. పేజీలు శుభ్రంగా ఉన్నాయి, తెలుగు చక్కగా కనిపిస్తోంది. అందులో ఒక వాక్యాన్ని కాపీ చేసి పక్క ఫైల్లో అతికించాను. డాలర్ గుర్తులు, ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు కలగాపులగంగా వచ్చాయి.

"ఇదేం భాష?" అన్నారు లెక్చరర్.

"మీ థీసిసే మేడం. కంప్యూటర్‌కు ఇట్ల కనపడతాది."

"నాకు తెలుగే కనవడుతున్నది గద!"

"మనకు బొమ్మ తెలుగే మేడం. లోపలుండే అక్షరాలు వేరే."

ఆ రోజుల్లో థీసిస్‌లన్నీ డీటీపీ సెంటర్లలో పాత ఫాంట్లతో కొట్టించేవారు. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలకే తెలుగు రూపం తొడిగి ఉంటుంది. కంటికి తెలుగు, వెతికే యంత్రానికి చెత్త. మా విభాగంలో ఫైలు సరిచూడటమంటే తెరిచి కంటితో చూడటమే. కంటికి ఏ లోపమూ కనిపించదు కాబట్టి తెలుగు శాఖ థీసిస్‌లు ఏళ్లుగా అలాగే ఎక్కుతూ వచ్చాయి.

మేడం నిట్టూర్చారు. "అయితే ఇన్నాళ్లూ దీనికి పట్టుబట్టలు కట్టి పీట మీద కూర్చోబెట్టామన్నమాట, నోరు కుట్టేసి."

ఆ ఫాంటులోని ఒక్కో గుర్తుకు సరైన తెలుగు అక్షరం ఏదో చెప్పే చిన్న ప్రోగ్రామ్ రాశాను. అక్షరాలు త్వరగానే లొంగాయి. ఒత్తులు లొంగలేదు. పాత ఫాంటులో ఒత్తు ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటుంది, దాని అక్షరం పక్కకు తేవాలి. పైగా డీటీపీ ఆపరేటర్ శీర్షికలకు ఇంకో ఫాంటు వాడాడు. బండల పేర్లన్నీ ఆ శీర్షికల్లోనే ఉన్నాయి. దానికి వేరే పట్టిక కావలసి వచ్చింది.

తర్వాత ప్రూఫు. మా మేడం పద్ధతి పాత ప్రెస్సుల పద్ధతి: ఒకరు బైండు కాపీ పైకి చదవాలి, ఇంకొకరు తెర మీద చూసుకోవాలి. కాలేజీ అయ్యాక లెక్చరర్ వచ్చి చదివేవారు. "కామా, ఫుల్‌స్టాప్, కోట్ ఓపెన్" అంటూనే, రాళ్లు కొట్టినవాళ్ల మాటలు వచ్చేసరికి గొంతు మారిపోయేది. గుండురాయి మీద ఎక్కడ దెబ్బ వేస్తే నిలువునా చీలుతుందో ఒక పెద్దాయన చెప్పింది చదువుతూ, చేత్తో బల్ల మీద కొట్టి చూపించారు. స్కానర్ అదిరింది.

"ఈ జంటగుండ్లు అని రాసిన బండలు ఇప్పుడెక్కడున్నాయండి? చూడొచ్చా?" అని మేడం అడిగారు.

"మీరు పుప్పాలగూడల కిరాయికుంటున్నరు గద? మీ పార్కింగ్ కిందనే."

"అమ్మో, మా ఓనర్‌కి చెప్పకండి. దానికీ అద్దె వేస్తాడు."

ఆ ఫైలు ఎక్కించిన రోజు ఖాజాగూడ అని కొడితే మొదట వచ్చింది ఆమె థీసిస్. అప్పుడు ఆమె ఆ ముసాయిదా కింద వ్యాఖ్య రాశారు. కోపంగా నాలుగు పేరాలు రాసి, మూడు తీసేసి, ఒకటి ఉంచారు. థీసిస్ శాశ్వత లింకు నేను అతికించాను. ఆ లింకు తెరిస్తే డిగ్రీ వచ్చిన సంవత్సరం పైనే కనిపిస్తుంది.

ఆ ఇద్దరూ మర్యాదగానే జవాబిచ్చారు. మా రిపాజిటరీలో తాము వెతికామనీ, ఏమీ దొరకలేదనీ రాశారు. అది నిజమే. థీసిస్ మొత్తం చదివి దిద్దుకుంటామన్నారు.

కంపెనీలో నేను పరీక్షించిన సాఫ్ట్‌వేర్‌ను ఎవరు వాడారో నాకు తెలియదు. ఈ ప్రోగ్రామ్ వల్ల ఏం జరిగిందో తెలుసు. దాన్ని ఏ లైబ్రరీ అయినా ఉచితంగా తీసుకునేలా పెట్టాను. మా తెలుగు శాఖ థీసిస్‌లన్నీ ఇప్పుడు వరుసగా అదే దారిలో వెళుతున్నాయి. ఈ పని చేసింది మా విభాగం అని ఎవరితోనైనా గట్టిగానే చెబుతాను.

దిద్దిన ముసాయిదా వచ్చిందని లెక్చరర్ ఫోన్ చేసి చెప్పారు. "తమ్మీ, జర నువ్వు గూడ చూడు" అన్నారు. చూశాను. మొదటిసారి అన్న మాట తీసేశారు. బండల పేర్లున్న ప్రతి పేజీలోనూ ఆమె పేరు ఇచ్చారు. చివర ఆధార గ్రంథాల జాబితాలో నలభై రెండు ఉన్నాయి. వాటిలో తెలుగులో రాసింది ఒకటే, ఆమె థీసిస్.