ఎడమచేతి బూగీ-వూగీ

ఆ రోజుల్లో అమెరికాలో, నేపర్‌విల్ అనే ఊళ్లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మాలాంటి కుర్రాళ్లకి తలా ఒక పిచ్చి ఉండేది. ఒకడు జిమ్ముకెళ్లి కండలు పెంచేవాడు, ఇంకొకడు కెమెరా కొని చెరువులో బాతుల్ని ఫొటోలు తీసేవాడు. నన్ను బూగీ-వూగీ అనే పాతకాలపు అమెరికన్ పియానో సంగీతం పట్టుకుంది. ఆఫీసులో లంచ్ తింటూ ఫోన్ తిప్పుతుంటే ఒక ముసలాయన ఒంటరిగా పియానో ముందు కూర్చుని వాయిస్తూ కనిపించాడు. ఆయన ఎడమచెయ్యి గూడ్సుబండిలా ఒకే వరసలో గడగడా పోతుంటే, కుడిచెయ్యి ఆ బండెక్కి కోతిలా గెంతుతోంది. "ఇందులో ఏముంది, రెండు చేతులేగా!" అనుకున్నాను. (సాఫ్ట్‌వేర్ వాడికి ఇతరుల పనంతా వారం రోజుల పనిలాగే కనిపిస్తుంది.) ఆ సాయంత్రమే ఒక కీబోర్డూ, హెడ్‌ఫోన్సూ ఆర్డర్ చేశాను.

తీరా కూర్చుంటే తెలిసింది, ఆ సంగీతంలో పెత్తనమంతా ఎడమచేతిదేనని. నా ఎడమచేతికేమో పుట్టి బుద్ధెరిగాక ఎవరూ ఒక్క గౌరవప్రదమైన పని అప్పగించలేదు. ప్రసాదానికి చాపితే అమ్మ చురచురా చూసేది, దాంతో డబ్బిస్తే కొట్టువాడు తీసుకునేవాడు కాదు. అలాంటి చేతిని పిలిచి "ఇకనుంచి నువ్వే యజమానివి" అంటే అది నమ్మలేదు. దానికి ధైర్యం చెప్పడానికి ఎడమకాలితో నేలమీద తాళం వెయ్యడం మొదలుపెట్టాను. మాది రెండో అంతస్తు, చెక్క నేల. కింద ఒక అమెరికన్ బామ్మగారు ఒంటరిగా ఉండేవారు. నేను కాలితో తాళం మొదలుపెట్టిన కాసేపటికల్లా కిందనుంచి సీలింగ్ మీద టక్ టక్ అని చీపురుకర్ర దెబ్బలు వినపడేవి. కంప్లైంట్ ఇస్తే అపార్ట్‌మెంట్ ఖాళీ చెయ్యాల్సొస్తుందని నాకు భయం. ఆ కంగారులో పాట తొందరగా ముగించేద్దామని ఇంకా వేగంగా వాయించేవాణ్ని. కర్ర ఇంకా గట్టిగా మోగేది.

నా రూమ్మేట్‌ది వరంగల్. అందరినీ బావా అని పిలిచేవాడు కాబట్టి అందరికీ అతనే బావ. హెడ్‌ఫోన్స్ పుణ్యమా అని సంగీతం అతనికి వినపడేది కాదు. వినపడేదల్లా టకటక మీటల చప్పుడూ, నా కాలి దెబ్బలూ. కళ్లు మూసుకుని, తలకాయ ఊపుతూ, చెమటలు కక్కుతూ నేలని తన్నుతున్న మనిషి మాత్రం రోజూ కనిపించేవాడు. అవి మేం వీసా లాటరీ ఫలితాల కోసం, పేరు రాకపోతే ఇంటికి తిరిగిపోవాలన్న బెంగతో ఎదురుచూసే రోజులు.

"బావా, నిద్ర మంచిగ పడుతుందా? ఆఫీస్‌ల ఏమన్న ఇష్యూ ఉందా?" అని ఒకరోజు మెల్లిగా అడిగాడు. "లేదు బావా, ఎడమచెయ్యి మాట వినట్లేదంతే" అన్నాను. అతని మొహం పాలిపోయింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం, ఆ ఊళ్లో తెలుగు కుర్రాళ్లందరికీ పెద్దదిక్కైన ఆంటీ పులిహోర డబ్బాతో, అంకుల్‌తో సహా దిగారు. బావ వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నాన్నా, వీసా రాకపోతే కొంపేం మునిగిపోదురా," అంటూ ఆంటీ నా తల నిమిరారు. "మీ అమ్మకి ఫోన్ చెయ్యనా?"

నాకు మతి చలించిందని బావ వాళ్లకి చెప్పాడని అప్పుడర్థమైంది. అమ్మకి ఆ ఫోన్ వెళ్తే మరుసటి విమానంలో ఉంటుంది. "ఆంటీ, నేను సంగీతం నేర్చుకుంటున్నాను, వినండి!" అని హెడ్‌ఫోన్స్ వైరు పీకి వాయించడం మొదలుపెట్టాను. అప్పటికి నాకు వచ్చింది ఎడమచేతి వరస ఒక్కటే. అది తిరిగి తిరిగి మొదటికే వచ్చేది. ఆంటీ చాలాసేపు ఓపిగ్గా విని, "ఇంతేనా నాన్నా?" అన్నారు, ముందుకన్నా దిగులుగా.

అంతలో కిందనుంచి కర్ర మోగింది. ఆ వెంటనే మెట్లమీద అడుగులు, తలుపు మీద దెబ్బలు. "అయిపోయింది బావా, కంప్లైంటే!" అన్నాడు బావ.

తలుపు తీస్తే బామ్మగారు, చేతిలో చీపురుకర్ర. అందర్నీ తోసుకుని వచ్చి కీబోర్డు వంక చూశారు. "ఓ, బూగీ-వూగీయా!" అన్నారు ఇంగ్లీషులో. "ఇన్నాళ్లూ నీ కాలు వినే అనుమానపడ్డాను. బాబూ, నువ్వు తాళం దాటి పరిగెడుతున్నావు! కిందనుంచి నేను అంత కచ్చితంగా తాళం వేస్తుంటే, వినపడదా నీకు?"

ఆవిడ నన్ను లేపి కూర్చున్నారు. వేళ్లు కణుపుల దగ్గర వంకరపోయి ఉన్నాయి. కానీ ఎడమచెయ్యి కదలగానే గదిలో గూడ్సుబండి బయల్దేరింది, కుడిచెయ్యి దానిమీద కేరింతలు కొట్టింది. అంకుల్ తల ఆడిస్తున్నారు. ఆంటీ పులిహోర డబ్బా గుండెకి హత్తుకుని, "ఈ వయసులో ఆ చెయ్యి చూడండి!" అన్నారు. అమ్మకి ఫోన్ సంగతి మళ్లీ ఎత్తలేదు.

తర్వాత వారాంతాల్లో బామ్మగారు నాకు కుడిచెయ్యి కూడా నేర్పారు. బావకి మాత్రం నామీద పూర్తి నమ్మకం చివరిదాకా కుదరలేదు.

ఇప్పుడు షాంటిలీ అనే ఇంకో ఊళ్లో మా ఇంట్లో అసలైన పియానో ఉంది. నేనూ అంకుల్‌నైపోయాను. పార్టీల్లో ఎవరైనా అడిగితే తాళం ఇసుమంతైనా తప్పకుండా వాయిస్తాను. పెద్దలు మర్యాదగా చప్పట్లు కొడతారు. పిల్లలు "నైస్, అంకుల్" అని బేస్‌మెంట్‌లోకి పోతారు. ఒక్కోసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆ నేపర్‌విల్ కుర్రాడిలా దడదడా పరిగెత్తి చూద్దామని కూర్చుంటాను. వేళ్లు వినవు. వాటికి పాపం బుద్ధొచ్చేసింది.