అత్త సైటు ఇల్లు మారిన వారం

కుట్టుమిషన్‌కి ఏం జబ్బు చేసిందో తెలియాలంటే మా అత్త దాన్ని చూడనవసరం లేదు, వింటే చాలు. వీధిలో ఎవరింట్లోనో మిషన్ టకటకలాడుతుంటే తన దుకాణంలో కూర్చునే, "షటిల్‌లో దారప్పోగు ఇరుక్కుంది, పాపం. సాయంత్రానికి వస్తారు చూడు" అంటుంది. వస్తారు కూడా.

దుకాణమంటే మెట్ల కింద గది. తలుపు బార్లా తెరిస్తే కుర్చీకి చోటుండదు, కుర్చీ వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. గోడ పొడవునా బోర్లించిన మిషన్ తలలు. అత్త మెడలో దారానికి కట్టిన అయస్కాంతం ముక్క ఒకటి వేలాడుతూ ఉంటుంది. జారిపడిన స్క్రూ కోసం ఆమె కిందికి వంగితే, ఆమె కళ్లకంటే ముందు అదే దొరకబుచ్చుకుంటుంది.

ఆమెకి ఈ పని నేర్పింది మా నాన్న, అంటే ఆమె అన్నయ్య. ఇద్దరూ కలిసి ఒకే దుకాణం పంతొమ్మిదేళ్లు నడిపారు. విడిపోయింది వెబ్‌సైటు దగ్గర.

ఒక సైటు పెడదామన్నది అత్త ఆలోచన. 'కుట్టువైద్యం' అని పేరు పెట్టింది నాన్న. అప్పట్లో ఇద్దరిలో ఈమెయిల్ ఉన్నది నాన్నకే కాబట్టి ఆ పేరు దానిమీదే నమోదైంది. దుకాణం అడ్రసు, ఫోన్ నంబరు ఉంటాయని నాన్న అనుకున్నాడు. అత్త మాత్రం తన చేతికొచ్చిన ప్రతి మిషన్‌నీ విప్పి, ఫొటోలు తీసి, ఎవరింట్లో వాళ్లే ఎలా బాగుచేసుకోవాలో రాసి పెట్టింది.

"కూర్చున్న కొమ్మ నరుక్కుంటున్నావే! అందరూ ఇంట్లోనే బాగుచేసుకుంటే మన గుమ్మం ఎవడు తొక్కుతాడు?" అన్నాడు నాన్న.

"పెద్ద రోగమైతే వస్తారు. దారం ఎక్కించడం రానివాళ్ల మీద మనం బతకడమేంటి అన్నయ్యా?" అంది అత్త.

మరుసటి నెల నాన్న అదే వీధిలో, ఆరు తలుపుల అవతల వేరే గది తీసుకుని ఫ్యాక్టరీల పెద్ద మిషన్లు బాగుచేయడం మొదలుపెట్టాడు. ఇది జరిగి పదకొండేళ్లు. అలాగని రాకపోకలు ఆగలేదు. అత్త మా ఇంటికొచ్చేది, అందరితో కలిసి తినేది, నవ్వేది. నాన్నతో చెప్పాల్సింది మాత్రం మా అమ్మ ద్వారా చెప్పేది.

"వదినా, ఆ పేపరు ఇటివ్వమని మీ ఆయనతో చెప్పు."

"చెయ్యి చాపితే అందుతుందని మీ ఆడపడుచుతో చెప్పు."

"నేనేమైనా టెలిఫోన్ తీగనా, మీ ఇద్దరి మాటలూ మొయ్యడానికి?" అని అమ్మ విసుక్కునేది. కానీ మోసేది.

సైటు విషయంలో అత్తకి ఒక్కటే దిగులు. ప్రతి మిషన్ బొమ్మ కిందా 'మీ సందేహం రాయండి' అని ఒక గడి ఉంది. ఇన్నేళ్లలో అందులోంచి ఆమెకి ఒక్క ఉత్తరం కూడా రాలేదు. చూసేవాళ్ల లెక్క రోజురోజుకీ పెరుగుతున్నా సరే. "చూసి పోతారే తప్ప ఒక్కరూ పలకరించరే" అనేది.

ఇలా ఉండగా, కొత్త ఫొటో ఎక్కిద్దామని సైటు తెరిచిన అత్తకి దాన్ని ఉంచిన కంపెనీ కబురు కనిపించింది. నెలాఖరుకి మూసేస్తున్నామనీ, మీ పేరూ మీ సరుకూ వేరే కంపెనీకి మార్చుకోండనీ. అత్త దాన్ని అచ్చు వేయించుకుని నేను పనిచేసే మందుల దుకాణానికి పరుగున వచ్చింది. నాకూ ఈ విషయాల్లో తెలిసింది అంతంతమాత్రమే. ఇద్దరం కలిసి ఒక కొత్త కంపెనీని వెతుక్కుని ఫోన్ చేశాం. అవతల అమ్మాయి గొంతు మెత్తగా ఉంది, ఓపిక అంతకన్నా ఎక్కువ.

"ఇల్లు మారుతున్నట్టు అనుకోండి మేడమ్. ఫొటోలూ రాతలూ మీ సామాను. సైటు పేరేమో మీ ఇంటిపేరు. రెండూ వేరువేరుగా తెచ్చుకోవాలి."

"ఇంటిపేరు ఒక్కసారి మార్చుకున్నదాన్నే తల్లీ. పెళ్లిలో దానికి ఇంత తతంగం లేదు" అంది అత్త.

సామాను మూడు రోజుల్లో సర్దింది. ఎక్కడ తేడా వస్తుందోనని రెండు డ్రైవుల్లో రెండు కాపీలు పెట్టుకుంది. పేరుని ఎవరూ ఎత్తుకుపోకుండా పాత కంపెనీలో దానికి ఉన్న తాళం కూడా తీసింది. ఇక మిగిలింది ఒక రహస్య కోడ్. దాన్ని కొత్త కంపెనీకి ఇస్తేనే పేరు కదులుతుంది.

"సైటు పేరు ఎవరి ఈమెయిల్ మీద ఉందో వాళ్లకే ఆ కోడ్ వెళ్తుందండీ" అంది అమ్మాయి.

అత్త గతుక్కుమంది. "అది తీసేసి నాది పెట్టడం కుదరదా?"

"కుదురుతుంది కానీ, మారిస్తే అరవై రోజులు మళ్లీ తాళం పడుతుంది. అప్పటికి మీ పాత కంపెనీయే ఉండదు కదా మేడమ్."

అత్త ఫోన్ పెట్టేసి, అప్పటికే తళతళలాడుతున్న బాబిన్ కేసు ఒకటి తీసుకుని చాలాసేపు తుడిచింది. అమ్మ ఆ వారం వాళ్ల అక్కగారింట్లో ఉంది. ఫోన్ చేసి నాన్నకి చెప్పమందామా అన్నాను.

"వద్దు. ఇన్నేళ్లు మోసింది చాల్లే" అని లేచింది.

ఆరు తలుపులు దాటడానికి ఎంతసేపని! మేం వెళ్లేసరికి నాన్న ఒక పెద్ద మిషన్ బల్ల కింద పడుకుని ఉన్నాడు. కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

అలవాటు కొద్దీ అత్త "వదినా..." అని మొదలుపెట్టి ఆగింది. గొంతు సర్దుకుని, "అన్నయ్యా" అంది.

లోపల పానా జారి నేలమీద పడింది. నాన్న ముఖం నిండా నూనె మరకలతో గబగబా బయటికొచ్చాడు. "ఏమైంది? ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏం కాలేదు. నీ ఈమెయిల్‌కి ఒక కోడ్ వచ్చింది, అది కావాలి" అని సంగతంతా చెప్పింది.

నాన్న ముందు ఊపిరి పీల్చుకున్నాడు. అంతలోనే ముఖం మారిపోయింది. "సరే, నేను చూసి రాసి పంపుతాలే. నువ్వెళ్లు."

"ఇప్పుడే చూడొచ్చుగా?"

"పాస్‌వర్డు గుర్తులేదు."

"మరి ఎలా చూసి పంపుతావు?"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నాన్న చేతులు టేబుల్ మీది కంప్యూటర్ వైపు వెళ్లాయి. నేను ముందే అక్కడికి చేరుకున్నాను. మెయిల్ తెరిచే ఉంది. పక్కన ఒక ఫోల్డరు, దానిపేరు 'చెల్లి మిషన్లు'. అందులో రెండు వేల మూడు వందల చిల్లర ఉత్తరాలు.

గడిలో రాసిన ప్రతి సందేహమూ పేరు నమోదైన ఈమెయిల్‌కే పోతూ వచ్చింది. ప్రతిదానికీ జవాబు ఉంది. స్కూలు సంచులు కుట్టే ఒకావిడ కింది దారం ఉండలు కడుతోందని రాస్తే, పై దారం బిగువు ఎలా చూడాలో నాన్న చిలక్కి చెప్పినట్టు వివరంగా రాశాడు. చివర 'ఇట్లు, కుట్టువైద్యం' అని సంతకం.

అత్త నిలబడే చదివింది. తర్వాత స్టూలు లాక్కుని చదివింది.

"ఒక్కరూ పలకరించలేదని ఇన్నేళ్లు ఏడ్చానే అన్నయ్యా!"

"మొదట్లో చూసి వదిలేసేవాణ్ణి," అన్నాడు నాన్న నేల చూస్తూ. "ఒక పెద్దావిడ రాసింది, మనవరాలి గౌను సగంలో ఆగిపోయిందని. పోనీ ఈ ఒక్కదానికీ చెబుదాం అనుకున్నా."

"మరి నాతో చెప్పలేదేం?"

"చెబితే నువ్వే నెగ్గినట్టు కదా!"

అత్తకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. కొంగుతో ఒత్తుకుని ఇంకో ఉత్తరం తెరిచింది. తెరిచీ తెరవగానే భృకుటి ముడిపడింది.

"ఇదేంటి, ఈ మిషన్‌కి సూది చదునువైపు కుడికి పెట్టమన్నావు? ఎడమకి కదా పెట్టాలి!"

"ఎవరు చెప్పారు నీకు?"

"నువ్వే నేర్పావు!"

"నేను నేర్పింది దాని పాత మోడల్‌కి!"

అలా మొదలై గంటసేపు వాదించుకున్నారు. వచ్చిన పని ఇద్దరికీ గుర్తులేదు. నేను కోడ్ రాసుకుని, వీధిలోకి వచ్చి అమ్మకి ఫోన్ చేశాను.

"నేరుగానే? ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునే?" అని రెండుసార్లు అడిగింది. "అయితే నేనింకో వారం ఇక్కడే ఉంటాలే. మధ్యలో వచ్చి చెడగొట్టడం ఎందుకు?"

కోడ్ ఇచ్చాక ఐదు రోజులు ఎదురుచూడాలన్నారు. ఆరోరోజు పొద్దున పేరు వచ్చేసిందని కబురొచ్చింది కానీ సైటు తెరిస్తే తెల్ల కాగితంలా ఉంది. అత్త ప్రాణం గిలగిలలాడింది. "కొత్త ఇంటి దారి అందరికీ తెలియడానికి కొంచెం టైము పడుతుంది మేడమ్, కంగారు పడకండి" అంది ఫోన్‌లో అమ్మాయి. అత్త నిమిషానికోసారి తెరిచి చూసింది. నాన్న మూడుసార్లు ఏదో పనున్నట్టు ఆ గుమ్మం దాకా వచ్చి, "వచ్చిందా?" అని అడిగి వెళ్లాడు. నాలుగోసారి వచ్చి ఉండిపోయాడు. మధ్యాహ్నం మూడింటికి మొట్టమొదటి బొమ్మ తెరమీదికొచ్చింది, తర్వాత ఒక్కొక్కటే మిగతావీ. ఇద్దరూ చివరి మిషన్ దాకా లెక్కపెట్టారు. ఒక్కటీ తప్పిపోలేదు.

"సందేహాలు ఏ ఈమెయిల్‌కి పంపమంటారు?" అని అమ్మాయి అడిగింది.

"ఇద్దరికీ" అంది అత్త, అడిగిన మాట పూర్తికాకుండానే.

దుకాణాలు మళ్లీ ఒకటి కాలేదు. కలుపుదామని ఎవరూ అనలేదు కూడా. జవాబు నాన్న రాస్తాడు, ఆయన రాసినదాని కింద అత్త 'ఇలా కూడా చేసి చూడండి' అని తన పద్ధతి చేరుస్తుంది. రెండూ చేశామనీ, దేనివల్ల బాగైందో తెలియలేదనీ ఒకాయన ఈమధ్య రాశాడు. నావల్లే అంటే నావల్లే అని ఇద్దరూ అంటున్నారు.

పోయిన ఆదివారం నుంచి అత్త ఫ్యాక్టరీ మిషన్ల ఫొటోలు తీయడం మొదలుపెట్టింది. నాన్న బల్ల కింద టార్చిలైటు పట్టుకుని పడుకుంటాడు. "కొంచెం ఎడమకి జరుగు అన్నయ్యా, నీ తల నీడ పడుతోంది" అంటుంది అత్త. నాన్న గొణుక్కుంటూ జరుగుతాడు.